నాయన చెప్పిన సినిమా

ఆ సినిమా పేరేమిటో నాకు తెలియదు. మొదటి రీలులో కొంత ఫిల్ము ఎప్పుడో కాలిపోయిందట. పేర్లు పడే చోటు దాటాకే బొమ్మ మొదలయ్యేది. మా మిషన్ ఆస్పత్రిలో పూర్వం పనిచేసిన దొరసాని డాక్టరమ్మ తన దేశానికి వెళ్ళిపోతూ ప్రొజెక్టరునూ, రేకు డబ్బాల్లోని ఆ రీళ్ళనూ మా నాయనకు ఇచ్చి వెళ్ళింది. చాలా గొప్ప సినిమా అనీ, వాళ్ళ దేశంలోనే దాన్ని ఎవరూ పట్టించుకోలేదనీ, కొన్ని ఊళ్ళలో వారం తిరక్కుండా హాళ్ళలోంచి తీసేశారనీ ఆమె చెప్పిందట. ప్రొద్దుటూరు కాలేజీలో చేరాక, అక్కడి లైబ్రరీలో సినిమాల మీదున్న ఒక లావు పుస్తకంలో దానికోసం వెతికాను. కథను బట్టి పోల్చుకోవచ్చనుకున్నాను. దొరకలేదు.

మాది జమ్మలమడుగు. నాయన మిషన్ బడిలో ఇంగ్లీషు చెప్పేవాడు. మా ముత్తాతల కాలంలో మావాళ్ళు ఊరి బయటి పేటనుంచి చర్చి కాంపౌండులోకి వచ్చారు. అప్పటినుంచీ మావి పంతులు పనులు, నర్సు పనులు. ఏటా క్రిస్మస్ వారంలో ఆస్పత్రి పెద్ద హాలులో నాయన ఆ సినిమా వేసేవాడు. చీకటి పడితే ఎవరూ బయట తిరగని రోజులవి. పల్లెల్లోని పాత కక్షలు పార్టీ జెండాలు పట్టుకుని టౌన్లోకి వచ్చిన కాలం. టాకీసులో రెండో ఆట ఎప్పుడో మానేశారు. అందుకని మేము మధ్యాహ్నం పూటే కిటికీలకు ఆస్పత్రి ఎర్ర కంబళ్ళు మేకులతో కొట్టి హాలును చీకటి చేసేవాళ్ళం. ఒక కిటికీ దగ్గర గోడకు మేకు నిలిచేది కాదు, సున్నం రాలిపోయేది. అక్కడ కంబళి అంచు పట్టుకుని కూర్చోవడం నా పని. నలుగురిలో కలవడం రాని దాన్ని. అందుకని ఆ పని నాకు ఇష్టంగా ఉండేది.

సినిమా ఇంగ్లీషు. చూసేవాళ్ళకు ఇంగ్లీషు రాదు. తెర పక్కన నాయన బెత్తం పట్టుకుని నిలబడి, బొమ్మల మాటలు వినబడుతుండగానే వాటిని తెలుగులో చెప్పుకుంటూ పోయేవాడు. "సారు సినిమా చెప్తాండాడు, రాండి" అనేవాళ్ళు కాంపౌండులో. వేస్తున్నాడని ఎవరూ అనేవాళ్ళు కాదు.

కథ పెద్దదేమీ కాదు. ఒక చిన్న ఊరి రైల్వే స్టేషనులో టికెట్లిచ్చే కిటికీ వెనక ఒక తెల్ల అమ్మాయి ఉంటుంది. స్టేషను గడియారం బాగుచేయడానికి ఒక నల్లజాతి మనిషి వస్తాడు. అతను నిచ్చెనెక్కి గడియారం విప్పుతుంటే, కిందనుంచి ఆమె ఒక్కొక్క చక్రాన్నీ చేతి గుడ్డలో అందుకుంటుంది. ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకోరు. ఊరికి తెలిసిపోతుంది. రొట్టెల అంగడివాడు అంతవరకూ ఆమె చేతికిచ్చేవాడు కాస్తా, ఆ రోజునుంచి రొట్టెను బల్ల మీద పెట్టి పక్కకు జరుగుతాడు. ఆ దృశ్యానికి నాయన చెప్పాల్సింది ఏమీ ఉండేది కాదు. చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళలో ఏటా ఎవరో ఒకరు "ఆ దేశంలో గూడా అంతేనామ్మే!" అనేవాళ్ళు. ఎవరో ఒకరు నవ్వేవాళ్ళు.

చివరి రీలులో అమ్మాయి తండ్రి ఆమెను బయటపెట్టి తలుపేస్తాడు. ఆమె వాకిట్లో మెట్ల మీద కూర్చుంటుంది. తెల్లవారాక తలుపు కొంచెం తెరుచుకుని ఆమె పెట్టె బయటికి వస్తుంది, తలుపు మళ్ళీ మూసుకుంటుంది. నల్లతను వచ్చి పెట్టె ఎత్తుకుంటాడు. ఇద్దరూ రోడ్డు వెంట నడిచి వెళ్ళిపోతారు. ఆ తర్వాత తెర మీద ఆ మెట్లు మాత్రమే ఉంటాయి, ఎవరూ లేకుండా, చాలాసేపు. చిన్నప్పుడు ఆ మెట్లను చూడలేక నేను కంబళి వైపు తిరిగేదాన్ని.

నాయన ఆ రీలును ఇంకోలా చెప్పేవాడు. "పిల్లను వాళ్ళ నాయన చదువుకు పంపిస్తాండాడు. బస్సుదాకా పెట్టె మోయను ఈ మనిషిని పిలిపించినాడు. పిల్ల హాస్టల్లో చదువుకొని, పెండ్లి మాట మరిచి, దేవుని సేవలో ఉండిపోయింది" అనేవాడు. జనం తృప్తిగా లేచి చాపలు దులిపేవాళ్ళు.

నా ఇంగ్లీషు కొంచెం బాగుపడిన ఏడు, ఆ చివరి మాటలు నాకు నేరుగా వినబడ్డాయి. పెట్టె ఎత్తుకుంటూ అతను "ఇంకొకసారి ఆలోచించుకో" అంటాడు. ఆమె "ఆలోచించాను. పెళ్ళి ఏ ఊళ్ళో చేసుకుందాం?" అంటుంది. ఆ సాయంత్రం నాయనను అడిగాను. ఆయన ప్రొజెక్టరు తుడుస్తూ, "ఈడ చెప్పేది ఈడోళ్ళకమ్మా. ముందర కుర్చీల్లో ఎవురు కూచోనుంటారో సూసినావు గదా" అన్నాడు. ఆయన అన్నదేమిటో నాకు తెలుసు. ఆస్పత్రిలో ఉన్న పెద్ద రైతుల మనుషులకు ముందు వరసలో కుర్చీలు, మాకు చాపలు.

అక్క నాకంటే చాలా పెద్దది. అమ్మ పోయాక నన్ను పెంచింది తనే. ఆస్పత్రిలో మగవాళ్ళ సర్జికల్ వార్డులో నర్సుగా చేసేది. ఆ మరుసటి యేడు పులివెందుల అవతలి పల్లెనుంచి ఒక యువకుణ్ణి జీపులో తెచ్చారు. నాటుబాంబు తొడను చీల్చింది, ఎడమచేతి వేళ్ళు నలిగాయి. భూములున్న ఇల్లు, ఊరంతా వాళ్ళ మాట మీద నడిచే ఇల్లు. వరండాలో అతని మనుషులు తువ్వాళ్ళలో చుట్టినవాటిని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాళ్ళు. నేను అక్కకు అన్నం క్యారియరు తీసుకుపోయినప్పుడు వాళ్ళను చూడకుండా గోడ వారగా నడిచేదాన్ని.

ఒక మధ్యాహ్నం అక్క అతనికి కట్టు మారుస్తోంది.

"బాంబు పడినప్పుడు గూడా ఇంత నొప్పి లేదు నర్సమ్మా" అన్నాడు అతను.

"అప్పుడూ అరిసింటావులే. చెవులు దిమ్మెక్కి నీకే ఇనపడలేదు" అంది అక్క.

అతను నవ్వాడు. తర్వాత అక్క నవ్వింది. అక్క అలా తల వంచుకుని నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. నాకు విషయం అప్పుడే తెలిసిపోయింది, భయం కూడా అప్పుడే పట్టుకుంది.

అతనికి తండ్రి లేడు. చిన్నాయన సాకాడు. ఆ చిన్నాయనే ఇంటికీ, ఊరికీ, ఆ చుట్టుపక్కల పార్టీకీ పెద్ద. అక్కను చేసుకుంటానన్న మాట ఆయన ముందర అనడానికి అతనికి నోరు రాలేదు. "బాంబులకు భయపడవు, చిన్నాయనకు భయపడతావా?" అని అక్క ఎగతాళి చేస్తే, "బాంబు నన్ను సాకలేదు గదా" అన్నాడట. నా దగ్గర విన్న సినిమా అసలు ముగింపును అక్కే అతనికి చెప్పింది. అది విన్నప్పటినుంచీ అతనికి ఒకటే పట్టుదల: చిన్నాయన ఆ సినిమా చూడాలి, ఉన్నదున్నట్టు వినాలి, ఆ తర్వాత తను అడుగుతాడు.

అక్క నాయనతో వంటింట్లో చెప్పింది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను.

"ఈ యేడు మార్చొద్దు నాయనా. ఉండేది చెప్పు."

"వాళ్ళు తెల్లోళ్ళు, నల్లోళ్ళు. మన కత వేరే" అన్నాడు నాయన.

"ఏం వేరే? రొట్టె బల్ల మీద పెట్టేది సూసి మనోళ్ళు నవ్వుతారు గదా, ఎందుకు నవ్వుతారు?"

"ఆయన ముందర నేను చెప్పలేనమ్మా."

"అట్లయితే నేను ఈ ఊర్లో ఉండలేను నాయనా" అంది అక్క. గొంతు పెంచలేదు. నాయన లేచి బయటికి వెళ్ళిపోయాడు.

ఆ ప్రదర్శన రోజు చిన్నాయన వచ్చాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, నెరిసిన మీసం. ముందు వరస మధ్య కుర్చీలో కూర్చున్నాడు. పక్కన అన్న కొడుకు, కాలు చాపి, చేతికర్ర ఒడిలో పెట్టుకుని. నా కంబళి పక్కనుంచి పడే సన్నటి వెలుగులో వాళ్ళిద్దరి ముఖాలు నాకు కనిపిస్తూ ఉన్నాయి.

నాయన బాగానే మొదలుపెట్టాడు. గడియారం, నిచ్చెన, చక్రాలు అన్నీ చెప్పాడు. రొట్టె దగ్గర ఆడవాళ్ళు ఎప్పటిలాగే నవ్వారు. చిన్నాయన తల తిప్పి వాళ్ళను చూశాడు. నవ్వు ఆగిపోయింది. తండ్రి తలుపు వేశాడు. "తలుపేసినాడు" అన్నాడు నాయన. అమ్మాయి మెట్ల మీద కూర్చుంది. "కూచోనింది" అన్నాడు. ఆ తర్వాత ఆయన గొంతు ఆగిపోయింది. బొమ్మలు మాట్లాడుకుంటున్నాయి, ప్రొజెక్టరు టకటక తిరుగుతోంది, నాయన బెత్తం కొస నేలకు ఆనించి నిలబడి ఉన్నాడు.

"ఏం సారూ, ఏమంటాండారు వాళ్ళు?" అన్నాడు చిన్నాయన.

చాపల మీదినుంచి అక్క లేచింది. నర్సు బట్టల్లోనే ఉంది. తెర దాకా పోకుండా ఉన్నచోటే నిలబడి చెప్పడం మొదలుపెట్టింది.

"పెట్టె బయట పెట్టింది వాళ్ళ నాయన. ఇంగ ఇంట్లోకి రావద్దని. వాడు పెట్టె ఎత్తుకొని, ఇంగోసారి ఆలోచించుకో అంటాండాడు. నేను ఆలోచించినా, పెండ్లి ఏ ఊర్లో చేసుకుందాం అంటాంది ఆ పిల్ల. ఇద్దరూ పోతాండారు. ఎవురూ సాగనంపను రాలేదు. అయినా పోతాండారు."

తెర మీద ఖాళీ మెట్లు వచ్చాయి. హాలంతా ఆ మెట్లనే చూస్తూ ఉండిపోయింది. నేను మాత్రం చిన్నాయన ముఖం చూస్తున్నాను. ఆ ముఖంలో ఏమీ కదలలేదు.

కంబళ్ళు దించాక ఆయన లేవకుండా నాయనను దగ్గరికి పిలిచాడు.

"ఏం సారూ, మా ఊరి ముసలాయన ఈడ కాలు కట్టించుకున్నప్పుడు ఇదే సినిమా సూసినాడంట. ఆ పిల్ల హాస్టలుకు పోయిందన్న్యాడే?"

"ఆయప్పకు అబద్ధం చెప్పినానప్పా" అన్నాడు నాయన.

చిన్నాయన గట్టిగా నవ్వాడు. వరండాలోని మనుషులు ఉలిక్కిపడి లోపలికి చూశారు. "నీ కూతురుకు బెదురు లేదు" అన్నాడు. తర్వాత అన్న కొడుకు వైపు తిరిగాడు. "వారం నుంచి నా మొగం సూడకుండా గోడ తట్టు తిరిగి పండుకుంటాండావు. ఇదా సంగతి?"

అతను తల దించుకునే "ఔ చిన్నాయనా" అన్నాడు. అంతసేపూ ప్రాణాలుగ్గబట్టుకుని కూర్చుని, చివరికి అతను అనగలిగింది ఆ ఒక్క మాట.

"మా ఊర్లో కుదరదు" అన్నాడు చిన్నాయన, నాయనతో. "నా యెనక తిరిగేటోళ్ళు ఉండారు, ఓట్లేసేటోళ్ళు ఉండారు. వాళ్ళకు నేనేం చెప్పల్ల? యాడన్నా దూరం పోయి బతకమను. నేను సూడలేదనుకుంటా. నువ్వు ఇన్నేండ్లు అబద్ధమాడితివి, నేను ఒకటి ఆడలేనా?" నాయన భుజం మీద ఒకసారి తట్టి వెళ్ళిపోయాడు.

ఆ రోజు డైరీలో నేను ఏమీ రాయలేకపోయాను. సంతోషం అని రాయబోయి, ఆ పదం దగ్గర కలం ఆగిపోయింది.

కాలు మానాక అతను ఊరికి పోయి, మళ్ళీ ఒకసారి పరీక్షకు వచ్చాడు. అప్పుడే అక్కా అతనూ అనుకున్నారు: అతను పులివెందులనుంచి బస్సులో ప్రొద్దుటూరుకు వస్తాడు, అక్క అక్కడ కలుస్తుంది, ఇద్దరూ ఎర్రగుంట్ల పోయి రైలెక్కుతారు. మనుషులను తీసుకుని జీపులో రమ్మంది అక్క. అతను ఒప్పుకోలేదు. "జీపు నిండా మనుషులతో వస్తే పెండ్లికి పోయినట్టు ఉండదు, పంచాయతీకి పోయినట్టు ఉంటాది. ఆ సినిమాలో వాని యెనక ఎవురన్నా ఉండారా? నేనూ ఒక్కన్నే వస్తా" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఆ మాటకు అక్క నవ్వింది. నేనూ నవ్వాను.

వెళ్ళే రోజు నాయనే అక్క ట్రంకుపెట్టె మోసి జమ్మలమడుగులో బస్సెక్కించాడు. నన్ను తోడు పంపాడు. బస్సు కదిలేదాకా కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు. "పోయి జాబు రాయి" అన్నాడు, అంతే.

ప్రొద్దుటూరు బస్టాండులో రద్దీగా ఉంది. అక్క కొత్త చీర కట్టుకుని పెట్టె మీద కూర్చుంది. నేను సోడా తెచ్చిచ్చాను. రావాల్సిన బస్సు వేళకు రాలేదు. ఆలస్యం మామూలే అనుకున్నాం. ఆ తర్వాత బజారు వైపునుంచి షట్టర్లు దించే చప్పుడు వినబడింది. మొదట ఒకటి, కాస్సేపటికి వరసగా. మా వైపు పుట్టి పెరిగినవాళ్ళకు ఆ చప్పుడుకు అర్థం చెప్పనక్కర్లేదు. ఎక్కడో ఏదో జరిగింది, వార్త మాకంటే ముందు బంగారు అంగళ్ళకు చేరింది. సోడా బండివాడు సీసాలు సర్దుకుంటూ "ఇండ్లకు పోండమ్మా" అన్నాడు. అక్క కదలలేదు.

బస్సు వచ్చింది. దిగేవాళ్ళు ఎవరూ మాట్లాడటం లేదు. ఒక ముసలామె రెండు చేతులతో మనవరాలి కళ్ళు మూసి దింపుతోంది. అందరూ దిగిపోయారు. అక్క బస్సు మెట్టు దగ్గరే నిలబడి లోపలికి చూస్తోంది. ఆ ఖాళీ మెట్టు ఇప్పటికీ నాకు కనిపిస్తుంది. ఒక్కోసారి కాలేజీ బస్సెక్కబోతూ ఆగిపోతాను, వెనకవాళ్ళు తోస్తే గాని ఎక్కను.

"చేతికర్ర పట్టుకున్న మనిషి..." అంది అక్క కండక్టరుతో.

కండక్టరు ఆమె చీరనూ, పెట్టెనూ చూశాడు. "ముద్దనూరుకు ఇవతల బస్సు ఆపినారమ్మా. ఆయప్పను దించినారు" అన్నాడు. టికెట్ల సంచి సర్దుకుంటూ, "ఇంగ అడగొద్దు తల్లీ" అన్నాడు.

ఎవరు ఆపారో ఇప్పటికీ తెలియదు. పార్టీ పని మీద పోతుండగా ఎదుటి పార్టీవాళ్ళు పొట్టన పెట్టుకున్నారని వాళ్ళ పార్టీవాళ్ళు చెప్పారు. చిన్నాయనే పరువు కోసం చేయించి తమ మీద తోస్తున్నాడని ఎదుటివాళ్ళు చెప్పారు. ఈ రెండు కథల్లో అక్క ఉన్నది రెండోదాంట్లోనే, అదీ పేరు లేకుండా, "ఎవురో నర్సు" అని. అతను ఎందుకు ఆ బస్సెక్కాడో తెలిసినవాళ్ళు మా ఇంట్లో ముగ్గురు. మమ్మల్ని ఎవరూ అడగలేదు.

మరుసటి క్రిస్మస్‌కు నాయన సినిమా చెప్పలేదు. జనం అడిగితే ప్రొజెక్టరు చెడిపోయిందన్నాడు. నాకు అడగాలని ఉండి అడగలేని ప్రశ్న ఒకటి ఉండిపోయింది: ఆ ఒక్క యేడు కూడా సినిమాలో పిల్లను హాస్టలుకు పంపించి ఉంటే? నాయన రాత్రిళ్ళు లేచి కూర్చోవడం చూస్తే ఆయనా తనను తాను అదే అడుగుతున్నాడని తెలిసేది. ఒకసారి ఉండబట్టలేక అక్కతో అన్నాను. అక్క అప్పటికి ప్రొద్దుటూరులో ఒక నర్సింగ్ హోములో చేరింది. "అట్లా అనుకోవద్దు" అంది. "నేను చెప్పమంటి, నేనే చెప్తి. ఆయన ఇన్న్యాడు, వస్తానన్న్యాడు, బస్సెక్కినాడు. అది అబద్ధం కాదు గదా." ఆ తర్వాత ఎవరి సూదిమందు వేళయిందో చూసుకోవడానికి లేచిపోయింది.

మొన్న అతని మొదటి వర్ధంతి. పులివెందుల దాటి వాళ్ళ పల్లెలో స్తూపం కట్టారు, పార్టీ రంగులు వేశారు. పోతానంది అక్క. నాయన వద్దన్నాడు, నేనూ వద్దన్నాను. వినలేదు. ఒంటరిగా పంపలేక నేను వెంట వెళ్ళాను.

షామియానా కింద ఆడవాళ్ళ వైపు, చివరగా కూర్చున్నాం. పటానికి పూలదండలు వేస్తున్నారు. చిన్నాయన వేదిక మీద ఉన్నాడు, బాగా చిక్కిపోయాడు. మైకులో ఎవరో అతను పార్టీ కోసం ప్రాణమిచ్చాడంటున్నాడు. ఒకసారి చిన్నాయన చూపు మావైపు వచ్చి అక్క మీద నిలబడింది. అది జాలో, బెదిరింపో, తప్పు చేసినవాడి చూపో పోల్చుకోవాలని ఎంత ప్రయత్నించినా నావల్ల కాలేదు. ఆయన మళ్ళీ పటం వైపు తిరిగాడు.

మా పక్కన ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"యా ఊరమ్మా మీది?"

"జమ్మలమడుగు."

"అంత దూరం నుంచి వచ్చినారా? అబ్బోడు మీకేమైతాడు?"

నేను అక్క చెయ్యి పట్టుకుని నొక్కాను. ఏదో ఒకటి చెప్పమని, తెలిసినవాడనో, ఆస్పత్రిలో చూశామనో. అక్క నా చెయ్యి నెమ్మదిగా విడిపించుకుంది.

"నేను చేసుకోబోయిన మనిషి. ఆ పొద్దు నాకోసమే వస్తాండె" అంది.

ముందు కూర్చున్న ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగారు. మైకులో మాటలు సాగుతూనే ఉన్నాయి. పెద్దావిడ అక్క ముఖంలోకి చాలాసేపు చూసింది. వేదిక వైపు చూసింది. మళ్ళీ అక్కను చూసింది. తర్వాత తన కొంగు దగ్గరికి లాక్కుని, కింద పరిచిన పట్ట మీద కొంచెం చోటు చేసింది.

"ఎండ పడతాంది ఆడ. ఇట్లా జరుగు" అంది.

అక్క జరిగింది.